లూనేట్ ఎముక చనిపోతున్నప్పుడు: కీన్‌బాక్ వ్యాధిని ఎక్స్‌రే, ఎమ్మారై, సీటీలతో నిర్ధారించే సమగ్ర మార్గదర్శి

ముప్పై ఏళ్ల తాపీమేస్త్రీ ఒకరు కుడి మణికట్టు నడిమధ్యలో నొప్పి అని వస్తారు. ఫలానా రోజు పడ్డానని గాని, దెబ్బ తగిలిందని గాని గట్టిగా చెప్పలేరు. ఆరు నెలలుగా బెణుకు అనుకుని కట్టు కట్టించుకున్నారు, మందు రాసుకున్నారు, నొప్పి మాత్రలు మింగారు. ఇప్పుడు సిమెంటు తట్ట ఎత్తబోతే చేతిలో పట్టు నిలవడం లేదు. మొదటి వారాల్లో ఎక్కడో ఎక్స్‌రే తీయించుకుంటే ‘ఎముక విరగలేదు’ అని రాసి పంపించారు. కీన్‌బాక్ వ్యాధి చాలామందిలో ఇలాగే మొదలవుతుంది, ఇలాగే కళ్లెదుటే తప్పిపోతుంది. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య, శరీరశ్రమ చేసే మగవాళ్లలో, తరచుగా పనిచేసే చేతిలోనే వచ్చే ఈ వ్యాధిని సమయానికి పట్టుకోగలిగేది ఇమేజింగ్ ఒక్కటే. ఏ పరీక్ష ఎప్పుడు చేయాలో, ఎలా తీయాలో, తీసినదాన్ని ఏ వరుసలో చదవాలో రేడియోగ్రాఫర్లకు, జూనియర్ డాక్టర్లకు, తమ రిపోర్టులో రాసినదేమిటో అర్థం చేసుకోవాలనుకునే రోగులకు, వాళ్ల ఇంటివాళ్లకు వివరించడానికి ఇది రాస్తున్నాను.

ముందుగా, ఆ ఎముకకు ఏమవుతుందో

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసల్లో ఉంటాయి. ముంజేతికి దగ్గరగా ఉన్న వరుస మధ్యలో, పక్కనుంచి చూస్తే నెలవంకలా కనిపించే ఎముక పేరు లూనేట్. దాని ఉపరితలంలో ఎక్కువ భాగాన్ని మృదులాస్థి కప్పి ఉంచడం వల్ల రక్తనాళాలు లోపలికి వెళ్లే చోట్లు ముందువైపు, వెనకవైపు కొద్దిగానే ఉంటాయి. కొంతమందిలో ఒక్క వైపు నుంచే రక్తం అందుతుంది. చేతి బరువంతా ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ ఎముకకు చేరే దారిలో లూనేట్ ఉంటుంది కాబట్టి రక్తప్రసరణ తగ్గి ఎముక బలహీనపడితే అది మెల్లగా పగిలి, నలిగి, కూలిపోతుంది. అది కూలితే చుట్టూ ఉన్న ఎముకలు తమ స్థానాలు తప్పుతాయి. చివరికి కీలు అరిగిపోతుంది. వియన్నాకు చెందిన రేడియాలజిస్టు రాబర్ట్ కీన్‌బాక్ 1910లో ఈ వ్యాధిని ఎక్స్‌రేల ఆధారంగా వివరించారు. ఎక్స్‌రే కిరణాలు వెలుగులోకి వచ్చి అప్పటికి పదిహేనేళ్లే అయింది.

మొదటి మెట్టు: స్కాన్‌కు పంపేముందు వేలితో చూడండి

ముంజేతి వెనకవైపు, రేడియస్ చివరన, చర్మం కింద ఒక చిన్న బొడిపె తగులుతుంది. దాన్ని లిస్టర్ ట్యుబర్కిల్ అంటారు. ఆ బొడిపె మీది నుంచి వేలిని మెల్లగా వేళ్లవైపు జరిపి, మణికట్టును కొంచెం ముందుకు వంచితే వేలికింద తగిలేది లూనేట్ ప్రాంతం. అక్కడ నొక్కినప్పుడు రోగి చేయి వెనక్కి లాక్కుంటే, రెండో చేతితో పోలిస్తే పిడికిలి పట్టు తగ్గి ఉంటే, మణికట్టు వంగడంలో బిగుసుకుని ఉంటే, అనుమానించడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. వృత్తి అడగండి. స్టెరాయిడ్ మందులు చాలాకాలం వాడారా, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే తిరగబడే వ్యాధి) ఉందా, సికిల్ సెల్ వ్యాధి ఉందా అని కూడా అడగండి. ముఖ్యంగా అల్లూరి సీతారామరాజు, ఆదిలాబాద్ వంటి ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చేవారి విషయంలో సికిల్ సెల్ ప్రశ్న మరచిపోకూడదు, ఎందుకంటే ఆ వ్యాధిలో ఎముకలకు రక్తం అందకపోవడం అనేక చోట్ల జరుగుతుంది. ఈ వివరాలన్నీ స్కాన్ చీటీ మీద రాయాలి. ‘మణికట్టు నొప్పి’ అని మాత్రమే రాసి ఉన్న చీటీని చూసి రిపోర్టు రాసే మనిషి ఎముక విరిగిందా లేదా అనే వెతుకుతారు.

రెండో మెట్టు: ఎక్స్‌రే తీయడం

ఈ వ్యాధిలో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఫిల్ము చదివేటప్పుడు కాక తీసేటప్పుడే జరిగిపోతాయన్నది నా అభిప్రాయం. అందుకే ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

చేతిని వెనకనుంచి ముందుకు తీసే చిత్రం కోసం రోగిని బల్ల పక్కన కూర్చోబెట్టి, మోచేయి భుజమంత ఎత్తులో ఉండేలా చూడాలి. భుజం దగ్గర 90 డిగ్రీలు పక్కకు, మోచేయి దగ్గర 90 డిగ్రీలు వంచి, అరచేతిని బల్ల మీద చదునుగా పెట్టించాలి. మధ్యవేలి వెనక ఉన్న పొడుగు ఎముక రేడియస్‌తో ఒకే గీతలోకి రావాలి. మణికట్టు బొటనవేలి వైపుకు గాని, చిటికెనవేలి వైపుకు గాని ఒరిగి ఉండకూడదు. ఇంత పట్టింపు ఎందుకంటే, ముంజేయిని తిప్పిన కొద్దీ, చిటికెనవేలి వైపు ఉండే అల్నా ఎముక చివర రేడియస్‌తో పోలిస్తే పైకీ కిందికీ జరుగుతుంది. అరచేయి నేలవైపు ఎక్కువ తిరిగితే అల్నా పొడుగ్గా కనిపిస్తుంది, ఆకాశంవైపు తిరిగితే పొట్టిగా కనిపిస్తుంది, పిడికిలి గట్టిగా బిగిస్తే మళ్లీ పొడుగ్గా కనిపిస్తుంది. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే. కాని ఈ వ్యాధికి చేసే ఒక ముఖ్యమైన శస్త్రచికిత్సలో రేడియస్‌ను కోసి తగ్గించేది కూడా సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్లే. రోగి కుర్చీలో జారగిలబడి చేయి కిందికి వేలాడేసి కూర్చుంటే ఆ కొలత ఎటైనా పోతుంది.

రెండో చిత్రం పక్కనుంచి. చిటికెనవేలి అంచు ప్లేటుకు ఆనించి, మణికట్టును నిటారుగా నిలపాలి. ఇది సరిగ్గా వచ్చిందా లేదా అనడానికి ఒక మంచి గుర్తు ఉంది. అరచేతివైపు ఉండే బఠానీ గింజంత పిసిఫామ్ ఎముక ముందు అంచు, స్కాఫాయిడ్ (లూనేట్‌కు బొటనవేలి వైపు ఉండే ఎముక) వేళ్లవైపు చివరి ముందు అంచుకూ, క్యాపిటేట్ (లూనేట్‌కు వేళ్లవైపు ఆనుకుని ఉండే ఎముక) తల ముందు అంచుకూ మధ్య కనిపించాలి. అలా లేకపోతే చేయి తిరిగిపోయినట్టే, ఆ ఫిల్ము మీద కోణాలు కొలవకూడదు. మళ్లీ తీయండి. రెండో మణికట్టును కూడా ఇదే భంగిమలో తీయిస్తే పోల్చడానికి ఎంతో పనికొస్తుంది, ఎందుకంటే ఎముకల ఆకారం మనిషిమనిషికీ మారుతుంది కాని ఒకే మనిషి రెండు చేతుల్లో సాధారణంగా దగ్గరగా ఉంటుంది.

ఇక్కడే ఇంకొక మాట. మన ఊళ్లలో రెండు మూడు చిత్రాలను ఒకే ఫిల్ము మీద కుదించి ప్రింటు తీసి ఇవ్వడం మామూలు. ఆ ఫిల్మును గోడమీది లైటు డబ్బాకు పెట్టి స్కేలుతో కొలిస్తే వచ్చే మిల్లీమీటర్లు నిజమైనవి కావు. కొలతలన్నీ కంప్యూటర్ తెర మీద, అసలు చిత్రం మీదే తీసి రిపోర్టులో రాయాలి.

మూడో మెట్టు: ఎక్స్‌రేను ఒక వరుసలో చదవడం

ముందు లూనేట్ తెలుపును పక్క ఎముకల తెలుపుతో పోల్చండి. స్కాఫాయిడ్, చిటికెనవేలి వైపు పక్క ఎముక ట్రైక్వెట్రమ్ ఒకే మోస్తరు బూడిదరంగులో ఉండి, వాటి మధ్య లూనేట్ ఒక్కటే సుద్దముక్కలా తెల్లగా ఉంటే అది స్క్లెరోసిస్. నొప్పివల్ల వాడకుండా ఉంచిన చేతిలో బతికున్న ఎముకలు ఖనిజాన్ని కోల్పోయి పలచబడతాయి. రక్తం అందని ఎముక తనలోని ఖనిజాన్ని వదులుకోలేదు, అందుకే తెల్లగా నిలుస్తుంది. దానికి తోడు, చచ్చిన ఎముక మీద కొత్త ఎముక పేరుకోవడం, లోపలి సన్నని పలకలు నలిగి దగ్గరపడడం ఆ తెలుపును పెంచుతాయి. అరచేతివైపు ఎముకలు లూనేట్ మీద పడి కూడా తెల్లగా అనిపించవచ్చు కాబట్టి పక్కచిత్రంలోనూ చూసుకోండి.

తరవాత ఆకారం. లూనేట్ పై అంచు, అంటే రేడియస్ వైపు అంచు, నునుపైన ఒక వంపుగా ఉండాలి. వ్యాధి తరచుగా ఆ అంచులోనే, బొటనవేలికి దగ్గరగా ఉన్న భాగంలో ముందు కనిపిస్తుంది. అక్కడ చిన్న చదును, సన్నని మెట్టు, అంచు కిందనే నల్లని గీత కనిపిస్తాయేమో పెద్దది చేసి చూడండి. పక్కచిత్రంలో కూలిన లూనేట్ ఎత్తు తగ్గి, ముందుకూ వెనక్కూ సాగినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు అల్నా కొలత. రేడియస్ కీలు అంచు అల్నా వైపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ, రేడియస్ నిడివికి లంబంగా ఒక గీత గీసి, అల్నా తల ఆ గీతను దాటి వేళ్లవైపు ఎంత వెళ్లిందో, మోచేతివైపు ఎంత వెనకబడిందో కొలవండి. వెనకబడితే రుణ అల్నా (పొట్టి), దాటితే ధన అల్నా (పొడుగు). హుల్టెన్ అనే స్వీడన్ వైద్యుడు 1928లో, ఈ వ్యాధి ఉన్నవారిలో పొట్టి అల్నా ఎక్కువగా కనిపిస్తోందని చూపించారు. ఆ తరవాత జపాన్ వంటి చోట్ల జరిగిన పరిశీలనల్లో అంత గట్టి సంబంధం కనిపించలేదు. కాబట్టి పొట్టి అల్నా ఉన్నంత మాత్రాన కీన్‌బాక్ అనకండి, లేనంత మాత్రాన కాదనకండి. ఆ కొలత రోగ నిర్ధారణకన్నా చికిత్సను ఎంచుకోవడానికే ఎక్కువ పనికొస్తుంది.

చివరగా, లూనేట్ కూలడం వల్ల మణికట్టు మొత్తం కుంగిందా అని చూడాలి. మూడో వేలి మెటాకార్పల్ (అరచేతిలోని పొడుగు ఎముక) అడుగు నుంచి రేడియస్ కీలు అంచు వరకు ఉన్న ఎత్తును ఆ మెటాకార్పల్ పొడవుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఆరోగ్యవంతుల్లో 0.54, రెండువైపులా 0.03 తేడాతో ఉంటుంది. మెటాకార్పల్ మొత్తం ఫిల్ములో పడకపోతే అదే ఎత్తును క్యాపిటేట్ పొడవుతో భాగించవచ్చు. అప్పుడు మామూలు విలువ 1.57 దగ్గర ఉంటుంది. స్కాఫాయిడ్ ముందుకు వంగిపోతే ముందు చిత్రంలో అది పొట్టిగా మారి, దాని దిగువ భాగం ఉంగరంలా గుండ్రంగా కనిపిస్తుంది. ఆ ఉంగరం కనిపించగానే పక్కచిత్రానికి వెళ్లి రేడియస్‌కూ స్కాఫాయిడ్‌కూ మధ్య కోణం కొలవాలి. 60 డిగ్రీలు దాటితే వ్యాధి ఒక గీత దాటినట్టు. ఆ గీత ఎంత ముఖ్యమో దశల దగ్గర చెబుతాను.

నాలుగో మెట్టు: ఎక్స్‌రే బాగుంది, నొప్పి పోలేదు

తొలిదశలో ఎక్స్‌రే పూర్తిగా మామూలుగా ఉంటుంది. ఎముక మజ్జలో మార్పు వచ్చినా, పైపెంకు చెక్కుచెదరనంత కాలం ఎక్స్‌రేకు కనిపించేదేమీ లేదు. కాబట్టి లూనేట్ మీద నొప్పి ఉండి, కొన్ని వారాల విశ్రాంతికీ మందులకూ తగ్గకపోతే, ‘ఎక్స్‌రే నార్మల్’ అన్న కాగితాన్ని పక్కన పెట్టి ఎమ్మారైకి పంపాలి. ఎముక కూలకముందు వ్యాధిని పట్టుకునే అవకాశం ఈ వ్యవధిలోనే ఉంది. ఎముకల ఐసోటోప్ స్కాన్ కూడా తొందరగానే మార్పు చూపిస్తుంది కాని, ఆ మార్పు దేనివల్లో చెప్పలేదు. ఎమ్మారై దొరికే చోట దాని అవసరం పెద్దగా లేదు.

ఎమ్మారై గదిలోకి పంపేముందు పేస్‌మేకర్ ఉందా, చెవిలో ఇంప్లాంటు ఉందా అని అడగడం అందరికీ అలవాటే. ఈ రోగుల్లో ఇంకో ప్రశ్న తప్పనిసరి: వెల్డింగు గాని, గ్రైండింగు గాని చేస్తారా, ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందా? అవునంటే ముందు కంటి ఎక్స్‌రే తీసి, లోహం లేదని తేల్చుకున్నాకే అయస్కాంతం దగ్గరకు పంపాలి. కంట్లో ఉన్న చిన్న ఇనుపముక్క అయస్కాంత క్షేత్రంలో కదిలితే చూపు పోవచ్చు.

మణికట్టుకు ప్రత్యేకమైన చిన్న కాయిల్ (సంకేతాలను పట్టే చుట్ట) వాడాలి. చూపుక్షేత్రం 8 నుంచి 10 సెంటీమీటర్లు, స్లైసు మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే ఇంత చిన్న ఎముకలోని వివరాలు నిలుస్తాయి. మోకాలి కాయిల్‌లో చేయి పెట్టి తీసిన మసక చిత్రాల మీద తొలిదశ వ్యాధిని గాని, మృదులాస్థిని గాని నమ్మకంగా చెప్పడం కష్టం. కనీసం ముందువైపు తలంలో టీ1 (కొవ్వు తెల్లగా కనిపించే) చిత్రాలు, కొవ్వు సంకేతాన్ని అణచి ద్రవం తెల్లగా కనిపించేలా తీసిన ద్రవప్రధాన చిత్రాలు, పక్క తలంలో మరొక వరుస ఉండాలి.

టీ1 చిత్రంతో మొదలుపెట్టండి. పెద్దవాళ్లలో ఈ ఎముకల మజ్జ కొవ్వుతో నిండి తెల్లగా మెరుస్తుంది. ఆ తెల్లని ఎముకల మధ్య లూనేట్ నల్లబడి ఉంటే, మొత్తం నల్లబడిందా, బొటనవేలి వైపు సగమే నల్లబడిందా చూడండి. తరవాత ద్రవప్రధాన చిత్రంలో అదే చోటును చూడండి. అక్కడ తెల్లగా ఉంటే మజ్జ వాచి ఉన్నా ఇంకా ప్రాణం ఉండే అవకాశం ఎక్కువ. అక్కడా నల్లగానే ఉంటే ఎముక చనిపోయి గట్టిపడి ఉండే అవకాశం ఎక్కువ. ఈ రెండింటి మధ్య తేడాను బలపరచడానికి గాడోలినియం (రక్తం అందే చోట్లను తెల్లగా చూపే మందు) ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ తీస్తారు. ఎముక అంతా సమంగా వెలిగితే రక్తం అందుతున్నట్టు, మచ్చలుమచ్చలుగా వెలిగితే కొంత భాగం చచ్చి పక్కనే మరమ్మతు జరుగుతున్నట్టు, అసలు వెలగకపోతే ఎముక చచ్చినట్టు లెక్క. ఇంజెక్షన్‌కు ముందు మూత్రపిండాల పనితీరు తెలుసుకోవాలి.

ఐదో మెట్టు: సీటీ ఎప్పుడు

మజ్జ సంగతి ఎమ్మారై చెబుతుంది, పెంకు సంగతి సీటీ చెబుతుంది. ఎక్స్‌రేలో లూనేట్ తెల్లబడి, ఆకారం మాత్రం బాగానే ఉన్నట్టు కనిపించినప్పుడు సీటీ తీయడం మంచిది. అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండే సన్నని స్లైసులతో చూస్తే, ఎక్స్‌రేకు అందని పగుళ్లు, అంచు కుంగిన చోట్లు బయటపడి, వ్యాధి అనుకున్నదానికన్నా ఒక దశ ముందుకు వెళ్లిందని తేలడం మామూలే. రోగిని బోర్లా పడుకోబెట్టి చేయి తలకు పైగా చాపించి తీస్తే, కిరణాలు మిగతా శరీరానికి తగలకుండా మణికట్టు మీదే పడతాయి. చిత్రాలను రేడియస్, క్యాపిటేట్‌ల నిడివి వెంట తిరిగి కూర్చుకుని, పక్క తలంలో ముఖ్యంగా ఒక దాని కోసం వెతకాలి: లూనేట్ ముందుభాగం, వెనకభాగం రెండు ముక్కలుగా విడిపోయే నిలువు పగులు. ముందునుంచి తీసిన ఎక్స్‌రేలో ఆ రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఏమీ జరగనట్టే కనిపిస్తాయి.

కీన్‌బాక్‌లా కనిపించేవి

అన్నిటికంటే ఎక్కువగా భ్రమపెట్టేది అల్నా ఒరిపిడి. అల్నా పొడుగ్గా ఉన్నవారిలో అది లూనేట్‌ను రాపాడి, లూనేట్‌లో చిటికెనవేలి వైపు పై మూలలో మాత్రమే వాపు, చిన్న గుంతలు తెస్తుంది. ట్రైక్వెట్రమ్‌లోను, అల్నా తలలోను అదే మచ్చ ఉంటుంది, మధ్యనున్న త్రికోణపు కార్టిలేజ్ పొర చిరిగి ఉంటుంది. కీన్‌బాక్ మచ్చ బొటనవేలి వైపు నుంచో, ఎముక మొత్తంలోనో ఉంటుంది, పక్క ఎముకలు శుభ్రంగా ఉంటాయి. చికిత్సలు ఒకదానికొకటి దాదాపు వ్యతిరేకం కాబట్టి ఈ తేడా రిపోర్టులో స్పష్టంగా రాయాలి: ఒకదానిలో అల్నాను పొట్టి చేస్తారు, ఇంకోదానిలో రేడియస్‌ను పొట్టి చేస్తారు.

ఎముకలోని గాంగ్లియన్ తిత్తి (జిగురు ద్రవంతో నిండిన సంచి) గుండ్రంగా, గీత గీసినట్టు అంచుతో ఉంటుంది, దాని చుట్టూ మిగతా మజ్జ మామూలుగానే ఉంటుంది. దెబ్బతో కమిలిన ఎముక కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. కీళ్లవాతంలో అనేక ఎముకలు, కీలు పొర కలిసి దెబ్బతింటాయి. మన దేశంలో మణికట్టు క్షయను ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి. అందులో ఎముకలన్నీ పలచబడి, పొర ఉబ్బి, కీలు సందు తగ్గి, చీము చేరుతుంది. ఒక్క లూనేట్‌కే పరిమితం కావడం అరుదు. అనుమానం ఉంటే నమూనా తీసి పరీక్షకు పంపండి.

దశ తేల్చడం, రిపోర్టు రాయడం

లిక్ట్‌మన్ అనే సర్జన్ 1977లో ప్రకటించి, తరవాత సవరణలు పొందిన దశల పట్టికనే నేటికీ ఎక్కువమంది వాడుతున్నారు. మొదటి దశలో ఎక్స్‌రే మామూలు, ఎమ్మారైలో మాత్రమే మార్పు. రెండో దశలో లూనేట్ తెల్లబడుతుంది, ఆకారం నిలుస్తుంది. మూడో దశలో కూలుతుంది. కూలినా మిగతా ఎముకలు తమ చోట ఉంటే అది 3ఏ. స్కాఫాయిడ్ వంగిపోయి రేడియస్‌తో కోణం 60 డిగ్రీలు దాటితే 3బీ. ఇంతకుముందు చెప్పిన నిలువు పగులుతో ముక్కలైతే 3సీ. చుట్టుపక్కల కీళ్లు అరిగితే నాలుగో దశ. 3ఏ వరకు లూనేట్‌ను కాపాడుకునే ప్రయత్నాలు, అంటే మొదటి దశలో సుమారు మూడు నెలలు కట్టు, అల్నా పొట్టిగా ఉంటే రేడియస్ తగ్గించడం వంటివి ఆలోచిస్తారు. 3బీ దగ్గర నుంచి మణికట్టు కుంగిపోకుండా ఎముకలను అతికించడమో, వరుసను తొలగించడమో చర్చకు వస్తుంది. అందుకే ఆ 60 డిగ్రీల కోణాన్ని తిరిగిపోయిన ఫిల్ము మీద కొలవవద్దని అంత గట్టిగా చెప్పాను.

రిపోర్టులో ‘లూనేట్ అవాస్కులర్ నెక్రోసిస్’ (రక్తం అందక ఎముక చావడం) అన్న ఒక్క వాక్యం సర్జన్‌కు సరిపోదు. చేయి సరైన భంగిమలో తీశారో లేదో మొదటి వాక్యంలో రాయండి. అల్నా కొలత మిల్లీమీటర్లలో, మణికట్టు ఎత్తు నిష్పత్తి, రేడియస్ స్కాఫాయిడ్ కోణం అంకెల్లో రాయండి. పగులు ఉందా, ఎన్ని ముక్కలు, మృదులాస్థి ఎక్కడెక్కడ పోయింది, ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఎముకలో ఎంత భాగం వెలిగింది అన్నవి వేరువేరు వాక్యాలుగా ఉండాలి. కొలత సందేహంగా ఉంటే సందేహమనే రాయండి, మళ్లీ తీయమని సూచించండి.

రోగికి చెప్పవలసినది ఒకటుంది. మొదటి ఎక్స్‌రే ఫిల్మును పారేయవద్దు, సీడీ ఇస్తే దాన్నీ దాచుకోవాలి. ఆరు నెలల తరవాత తీసిన చిత్రంలో లూనేట్ ఎత్తు ఒక మిల్లీమీటరు తగ్గిందో లేదో తెలుసుకోవాలంటే, అదే భంగిమలో తీసిన ఆ పాత చిత్రం పక్కన పెట్టి చూడవలసిందే.